మిషన్ శిక్షణలో నేను నేర్చుకున్న కుళాయి పని

2024 జనవరిలో ఒంగోలు దగ్గర మా ఊరి నుంచి బెంగళూరు వచ్చాను. ఆరు నెలల క్రైస్తవ మిషన్ శిక్షణ. హెన్నూరు దాటి కొత్తనూరు వైపు వెళ్తే వస్తుంది ఆ చోటు. సంచిలో బైబిలు, రెండు నోటు పుస్తకాలు, ఇస్త్రీ చేసిన మూడు తెల్ల చొక్కాలు తెచ్చుకున్నాను. వాక్యం చెప్పడం నేర్పుతారనుకున్నాను. మొదటి సోమవారం మధ్యాహ్నం నా చేతిలో పెట్టింది పైపు పానా.

పొద్దున బైబిలు, మధ్యాహ్నం పని. సైకిల్ పంక్చర్, బట్టల కుట్టు, జుట్టు కత్తిరించడం, ప్రథమ చికిత్స. విరేచనాలతో వాడిపోయిన పిల్లవాడికి లీటరు శుభ్రమైన నీళ్లలో ఆరు చిన్న చెంచాల పంచదార, అదే చెంచాతో అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలని అక్కడే తెలిసింది. చెంచా తలకొట్టి కొలవాలి, ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. ఇన్నేళ్లు సంఘంలో జబ్బు పిల్లల కోసం ప్రార్థన చేశాను గానీ ఈ కొలత నాకు తెలియదు. అందుకు చాలా బాధపడ్డాను.

మొత్తం 34 మందిమి. ఒడిశా, మణిపూర్, తమిళనాడు, ఇంకా ఎక్కడెక్కడి వాళ్లో. వంట, అంట్లు వంతులవారీగా చేసుకోవాలి. మా ఇంట్లో నా కంచం నేనెప్పుడూ కడిగింది లేదు. మొదటి నెల ఆ వంతు వస్తే మనసు ముడుచుకునేది. అప్పుడే చరిత్ర క్లాసులో బెంగాల్‌లోని సేరాంపూర్ మిషన్ గురించి చెప్పారు. 1800 నుంచి ఇంగ్లండు మిషనరీలు కేరీ, మార్ష్‌మన్, వార్డ్, వాళ్ల ఇళ్లవాళ్లు అక్కడ ఒకే బల్ల దగ్గర తిని, సంపాదనంతా ఒకచోట వేసుకుని బతికారట. కేరీ చెప్పులు కుట్టే పని నేర్చినవాడు, వార్డ్ అచ్చు పని తెలిసినవాడు. 1818లో తెలుగు కొత్త నిబంధన అచ్చయింది వాళ్ల ప్రెస్సులోనే. ఆ రాత్రి అంట్ల తొట్టి దగ్గర నిలబడితే ఒక మాట తట్టింది. ఆ గ్రంథం మన భాషలోకి వచ్చిన దారిలో ఎంగిలి కంచాలు కడిగిన చేతులు కూడా ఉన్నాయి కదా అని.

మార్చిలో బోరు ఎండిపోయింది. అంతకుముందు ఏడాది వానలు సరిగ్గా లేక ఊరంతా అదే కష్టం. రోజు విడిచి రోజు ట్యాంకర్ వచ్చి సంపు నింపేది. మనిషికి రోజుకు రెండు బకెట్లు. బియ్యం కడిగిన నీళ్లు మునగచెట్టుకి.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం వంటింటి కుళాయి మార్చే పని నాకు అప్పగించారు. నీళ్లు ఆపే గేట్ వాల్వ్ మూసి, పాతది విప్పి, కొత్తదాని మరలకు టెఫ్లాన్ టేపు చుట్టాను. టేపు ఎప్పుడూ మర బిగిసే వైపే చుట్టాలి. ఎదురు చుడితే బిగించేటప్పుడు ఊడి మడతపడుతుంది. ప్రార్థన గంట కొట్టేశారన్న కంగారులో నేను ఎదురు చుట్టాను. సరిగ్గా బిగించలేదు, చేయి పెట్టి తడి చూడలేదు. తెల్లారేసరికి 500 లీటర్ల ట్యాంకు అడుగంటింది. ట్యాంకర్ మర్నాటికి గానీ రాదు.

వంటింటి పెద్దమ్మది కోలారు, ఇంట్లో తెలుగే. ఆమె అరవలేదు. "ఏమిప్పా, పొయ్యి మీద పెట్టను చెంబుడు నీళ్లు లేవు. పో, అందరికీ నువ్వే చెప్పు" అంది. పదకొండు గదుల తలుపులు తట్టాను. ప్రతి గుమ్మం దగ్గరా 'తప్పు నాది' అనే మాట నా నోటితో చెప్పాలి. చాలామంది ఏమీ అనకుండా అర బకెట్ నీళ్లు గుండిగలో పోసి వెళ్లారు. మణిపూర్ అన్న ఒకాయన మాత్రం బట్టలు నానబెట్టుకోవడానికి దాచుకున్నవి పోస్తూ, నా ముఖం వైపు చూడకుండా వెళ్లిపోయాడు. ఆయన కోపం న్యాయమే. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నమే పని నేర్పే మేస్త్రీ అన్న నన్ను మళ్లీ ఆ కుళాయి దగ్గరే కూర్చోబెట్టాడు. ఈసారి నిదానంగా, చివర వేలితో నొక్కిపట్టి, పన్నెండు చుట్లు. వాల్వ్ తిప్పి, జాయింటు కింద పొడి గుడ్డ పెట్టి పది నిమిషాలు అక్కడే ఉన్నాను. గుడ్డ తడవలేదు.

శనివారం జుట్టు కత్తిరించే క్లాసు. ఎవరి ముందు కూర్చోవాలన్నది వాళ్ల ఇష్టం. కత్తెర, దువ్వెన పట్టుకుని నిలబడ్డాను. మణిపూర్ అన్న వచ్చి నా స్టూలు మీద కూర్చుని, తువ్వాలు భుజాల మీదికి లాక్కుని తల వంచాడు. "చెవుల దగ్గర కొంచెం పొట్టిగా తియ్యి, తమ్ముడూ" అన్నాడు హిందీలో.