ఇడ్లీ పిండిలో ఉండేదే మా మిల్లులోనూ

క్రషింగ్ సీజన్లో లాబ్ పరికరాల కంటే ముందు నా ముక్కే పనిచేస్తుంది. రోలర్ల కింద చెరకు రసం పారే కాలవ దగ్గర పుల్లటి వాసన వచ్చిందంటే ఎక్కడో కడగడం సరిగ్గా జరగలేదన్నమాట. గోడను వేలితో రాస్తే జిగురు అంటుకుని తీగలా సాగుతుంది.

ఆ జిగురు పని ల్యూకోనోస్టాక్ మెసెంటెరాయిడిస్ అనే బాక్టీరియాది. రాత్రి రుబ్బిన ఇడ్లీ పిండిని తెల్లారేసరికి పొంగించే వాటిలో కూడా ఇదే ముఖ్యమైనది. మినప్పప్పుతోనే వచ్చేస్తుంది కాబట్టి ఎవరూ తోడు వేయక్కర్లేదు. గ్లూకోజును విరిచి లాక్టిక్ ఆమ్లం, కాస్త ఆల్కహాల్, కార్బన్ డయాక్సైడ్ బయటికి వదులుతుంది. పులుపు ఆమ్లం వల్ల, పొంగు గ్యాసు వల్ల. మనకు రుచి అనిపించేది దానికి చెత్త. విరిచేటప్పుడు చేతికొచ్చిన ఎలక్ట్రాన్లను ఎక్కడో దించుకోవాలి, ఆక్సిజన్ వాడుకోదు కాబట్టి ఆ ఆమ్లంగా, ఆల్కహాల్‌గా మారే ముక్కల మీద దించేస్తుంది. ఇంతా చేస్తే ఒక గ్లూకోజు అణువుకు దానికి మిగిలేది ఒక్క ఏటీపీ, అంటే కణాలు శక్తి కోసం ఖర్చుపెట్టుకునే అణువు. మన కణాలు ఆక్సిజన్‌తో అదే అణువు నుంచి 30 దాకా పిండుకుంటాయి. ఆ గిట్టుబాటుతో బతకాలంటే తెగ తినాలి మరి!

మిల్లులో సుక్రోజ్, అంటే పంచదార, దొరికేసరికి ఇంకో పని మొదలెడుతుంది. దాని ఎంజైమ్ సుక్రోజును చీల్చి, గ్లూకోజులను గొలుసుగా అతికిస్తుంది. అదే డెక్స్‌ట్రాన్, నా వేలికి అంటిన జిగురు. పంచదార పోవడం ఒక్కటే కాదు, రసం చిక్కబడి వడపోత మొరాయిస్తుంది, స్ఫటికాలు పొడుగ్గా సాగిపోతాయి. ఇదే జిగురును 1940లలో స్వీడన్‌లోని ఉప్సాలాలో గ్రోన్‌వాల్, ఇంగెల్మాన్ అనే శాస్త్రవేత్తలు శుద్ధి చేసి, రక్తం పోయినవాళ్లకు ఎక్కించే ద్రవంగా మార్చారు. అందుకోసం ఈ బాక్టీరియాను పంచదార పెట్టి మరీ పెంచుతారు.

మా దగ్గర దీనికి మేత పెట్టేది యార్డు. కోసిన చెరకు ఎండలో ఆగేకొద్దీ గడల కోత చివర్ల నుంచి లోపలికి పాకుతుంది. కాల్చి కొట్టిన చెరకైతే ఇంకా తొందరగా పాడవుతుంది. “నిన్న పొద్దున కొట్టించాం సార్, ఇంకా టోకెన్ పిలవలేదు” అంటాడు ట్రాక్టర్ మీద రైతు. ఏం చెప్తాం, వరసలో నిలబెట్టిందే మేమాయె. తూకం తగ్గి ఆయనకు నష్టం, రికవరీ (చెరకు నుంచి చేతికొచ్చే పంచదార శాతం) పడిపోయి మాకు నష్టం. వచ్చే సీజన్‌కి రెండో కాటా పెడతారని అంటున్నారు, చూడాలి.