పతంగి ప్రాక్టీస్ 3: పొగ నిట్టనిలువుగా పోతుంటే ఇంటికి పోవాల్సింది

పోయిన వారం మా మేడ మీద ట్యాంకులూ పక్క అపార్ట్‌మెంటూ అడ్డమొచ్చి గాలి గింగిరాలు తిరిగింది కదా, అందుకని ఈసారి ఓపెన్ ప్లేస్ కావాలని ఉప్పల్ అవతల ఖాళీ ప్లాట్లకి పోయాం, నేనూ మా మేనల్లుడూ, పొద్దున 7కే. అదే తప్పయింది. ఎవరో చెత్త కాలబెట్టారు, ఆ పొగ అగరుబత్తి పొగలాగ నిట్టనిలువుగా పైకి పోతోంది. చలికాలం పొద్దున్నే ఇంతే, రాత్రంతా నేల చల్లబడి కింది గాలి కదలకుండా పడుకునుంటది, ఎండెక్కి నేల వేడెక్కాకే పైనున్న గాలి కిందికి దిగుద్ది. తెలిసి కూడా పోయానంటే ఏమనాలి.

సామాను: ధూల్‌పేటలో కొన్న కాగితం పతంగులు 6, ప్లాస్టిక్‌వి 2, చరఖా నిండా సద్ది (పూత లేని మామూలు దారం). మాంజా (గాజుపొడి పూసిన దారం) తీసుకెళ్లలేదు, పేచీ వేయడానికి, అంటే దారాలు కోసుకునే పోటీకి, ఎవడూ లేనప్పుడు వేళ్లు కోసుకోవడం ఎందుకు. (చైనా మాంజా, అదే నైలాన్ దారం, అయితే ఎప్పుడూ ముట్టను, 2017లో ఎన్‌జీటీ, అంటే జాతీయ హరిత ట్రిబ్యునల్, దేశమంతా బ్యాన్ చేసింది, అయినా దొంగచాటుగా అమ్ముతూనే ఉన్నారు, బండి మీద పోయేవాళ్ల మెడలు తెగుతున్నాయి.)

కన్నాలు (దారం ముడేయడానికి పతంగికి పైనా కిందా కట్టే దారాలు) ఎప్పట్లాగే, పైదాని కంటే కిందిది అర అంగుళం పొడుగు. రెండూ సమానం చేస్తే ఏమవుద్దో చూద్దామని ఒకదానికి మార్చా, రెండు చక్కర్లు కొట్టి ముక్కు నేలకి గుద్దింది, కమాను (విల్లులా వంచిన అడ్డపుల్ల) పుటుక్కుమంది. ఇంకోటి గడ్డి మీద పెడితే మంచుకి కాగితం మెత్తబడి చిరిగింది. ప్లాస్టిక్‌వి బరువు, అసలు లేవలేదు.

మేనల్లుడు పతంగి పట్టుకుని పరిగెత్తుతానన్నాడు, పరిగెత్తినంతసేపు లేస్తది ఆగగానే పడిపోద్ది, వద్దురా అని 80 అడుగుల దూరంలో నిలబెట్టి, తల పైన ఎత్తి పట్టుకోమని, నేను 'వదులు' అనగానే చేతి మీద చేతితో గబగబా దారం గుంజా. ఈ పద్ధతి పనిచేసింది. గుంజితే ఎక్కుతోంది, కొంచెం ఢీల్ ఇస్తే (దారం వదిలితే) బల్లపరుపుగా జారుతూ దూరం పోతోంది, పడబోయే ముందు మళ్లీ గుంజాలి. అలా 4 సార్లు గుంజీ వదిలీ 120 అడుగుల దారం దాకా తీసుకెళ్లా, మొత్తం 2 నిమిషాలు కూడా లేదు, గుంజిన దారమంతా కాళ్ల దగ్గర పడి తుమ్మ ముళ్లకి చిక్కుకుంది. దాన్ని విడదీయడానికి 20 నిమిషాలు. నెక్స్ట్ టైమ్ కింద పాత దుప్పటి పరుస్తా.

10కి వాడు 'మామా, ఆకలైతంది' అన్నాడు, సర్దేశాం. ఇడ్లీ తిని సిగ్నల్ దగ్గర ఆగితే పైన ఫ్లెక్సీ టపటపా కొట్టుకుంటోంది. వాడు నా వీపు మీద గుద్ది 'మామా యూటర్న్' అని ఒకటే గోల.

తిప్పా. 11:15కి వేపాకులు కదులుతున్నాయి, అంటే గాలి గంటకి 6 కిలోమీటర్ల పైనే ఉన్నట్టు. మిగిలిన 4 కాగితం వాటిలో ఒకటి నిలబడ్డచోటే లేచింది, 300 అడుగులు పోయాక దారం వాడికిచ్చా.