రసాల తాండ్ర: పొర పొరకీ తూకం

రెండేళ్ళు వరసగా డాబా మీద పోసిన మామిడి తాండ్ర ఆగస్టు దాటలేదు. ఒక ఏడు బూజు పట్టింది, ఇంకో ఏడు కల్లు వాసన కొట్టింది. మూడో ఏడు పోసింది సంక్రాంతి దాకా నిలిచింది. పళ్ళు అవే, డాబా అదే, బెజవాడ ఎండ అదే. అన్నిటికన్నా ముఖ్యంగా మారింది ఒక్కటి, పళ్ళేన్ని రోజూ సాయంత్రం తూకం వేశాను. ఈసారి చేసినదంతా కొలతలతో సహా రాస్తున్నాను.

ముందు పండు సంగతి. తాండ్రకి చిన్న రసాలకి మించింది లేదని నా అభిప్రాయం. వాసన, తీపి, పులుపు మూడూ ఉంటాయి. లోపమల్లా పీచు. బంగినపల్లికి 2017లో జీఐ (భౌగోళిక గుర్తింపు) వచ్చింది, కోసుకు తినడానికి రాజా పండే, కానీ దానిలో పులుపు తక్కువ. ఒక్క బంగినపల్లితోనే పోస్తే తాండ్ర ఉత్త తియ్యగా, చప్పగా వస్తుంది. కలెక్టరు కాయ (తోతాపురి) గుజ్జు గట్టిగా ఉంటుంది, పీచు తక్కువ, వాసన కూడా తక్కువే. నేను 7 కిలోల చిన్న రసాలు, 3 కిలోల కలెక్టరు తీసుకున్నాను. రసాలు వాసన ఇస్తాయి, కలెక్టరు చిక్కదనం ఇస్తుంది. నూజివీడు రోడ్డులో నున్న మార్కెట్టు ఉన్నా అది టోకు బేరం. పది కిలోలకైతే రైతుబజారు చాలు.

పండిన పళ్ళు కొనలేదు, పక్వానికొచ్చిన కాయలు కొన్నాను. కార్బైడుతో మాగబెట్టడం 2011 ఆహార భద్రతా నిబంధనల్లోనే నిషేధం. అయినా తొక్క అంతా ఒకే పసుపు, లోపల టెంక చుట్టూ తెల్లగా పుల్లగా ఉన్న పళ్ళు చేతికి వస్తూనే ఉంటాయి. అలాంటి పండు తినడానికే కాదు, తాండ్రకీ పనికిరాదు. రంగు పాలిపోతుంది, పంచదార ఎంత వేసినా వగరు పోదు. కాయల్ని ఎండుగడ్డి మీద ఒకే వరసగా పరిచి, పైన మళ్ళీ గడ్డి కప్పి, రోజూ ఒకసారి తిప్పి చూశాను. నాలుగో రోజుకి సగం, ఆరో రోజుకి మిగతావి పండాయి. ముచ్చిక దగ్గర నొక్కితే మెత్తగా దిగాలి. తొక్క ముడతలు పడి, పులిసిన వాసన మొదలైన పండుని మొహమాటం లేకుండా అవతల పెట్టాలి. ఆ ఒక్క పండులో ఉన్న ఈస్టు గిన్నెడు గుజ్జుని పులియబెట్టడానికి చాలు.

ముచ్చికలు కోసి, పళ్ళని గంటసేపు నీళ్ళలో వేసి, సొన పోయేలా కడిగి, గుడ్డతో తడి లేకుండా తుడిచాను. సొన గుజ్జులో కలిస్తే తాండ్ర తిన్నాక పెదాలు మండుతాయి.

రసం తీసేటప్పుడు మిక్సీ జోలికి పోకూడదు. మొదటి ఏడు నేను చేసిన పొరపాటు అదే. మిక్సీ బ్లేడు పీచుని చిన్న చిన్న ముక్కలుగా నరుకుతుంది, ఆ ముక్కలు జల్లెడలోంచి హాయిగా దిగిపోతాయి, తాండ్ర నములుతుంటే పళ్ళ సందుల్లో దూరతాయి. పైగా గాలి కలిసి నురగ వస్తుంది. ఆ బుడగలు ఎండాక గుంటలు పడతాయి, గాలి తగిలిన గుజ్జు త్వరగా నల్లబడుతుంది కూడా. రసాలని చేత్తో పిసికి, టెంకని పిండి, పీచు పొడుగ్గా ఉండగానే స్టీలు జల్లెడ మీద గరిటెతో రుద్దాలి. అప్పుడు పీచు పైనే మిగిలిపోతుంది. కలెక్టరు కాయల్ని చెక్కు తీసి, సన్నగా తరిగి, అరచేతితో మెదిపి అదే జల్లెడలో వేశాను. 10 కిలోల పళ్ళకి సరిగ్గా 5 కిలోల గుజ్జు వచ్చింది.

ఇప్పుడు లెక్క. మామిడి గుజ్జులో ఐదింట నాలుగు వంతులకు పైగా నీళ్ళే. 5 కిలోల గుజ్జులో ఎండిపోయాక మిగిలే పదార్థం దాదాపు 900 గ్రాములు. నేను కిలోకి 100 గ్రాముల చొప్పున అర కిలో పంచదార కలిపాను. మొత్తం 1,400 గ్రాములు. తాండ్రలో నీళ్ళు నూటికి 15 వంతుల దగ్గర ఆగితే బూజు పట్టదు, అలాగని చెక్కలా కూడా ఉండదు. అంటే చివరికి నా చేతికి రావలసింది 1,650 గ్రాములు. రెండు కిలోలు తూగిందంటే, చేతికి ఎంత పొడిగా అనిపించినా, లోపల నీళ్ళు దాక్కున్నట్టే. మొదటి రెండేళ్ళూ నేను వేలితో నొక్కి చూసి ఎండిందనుకున్నాను. వేలికి పైతోలు మాత్రమే తెలుస్తుంది.

పాతకాలంలో పచ్చి రసాన్నే చాప మీద పోసేవాళ్ళు. కొన్న తాండ్ర అడుగున కనిపించే అల్లిక గుర్తు ఆ చాపదే. పచ్చి రసం వాసన బాగుంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఒక్క పూట మబ్బు వేసిందంటే పులుస్తుంది. అందుకని ఉడికించాను. వెడల్పాటి స్టీలు గిన్నె, మందపాటి అడుగు. ఇనప బాణలిలో చేస్తే నల్లబడుతుంది, అల్యూమినియాన్ని పులుపు తింటుంది. గుజ్జు 85 డిగ్రీలకు వచ్చేదాకా తిప్పుతూనే ఉండాలి. ఆ వేడికి ఈస్టు చస్తుంది, రంగు మార్చే ఎంజైములు కూడా పని మానేస్తాయి. పంచదార మొదట్లోనే వేస్తే అడుగంటుతుంది, అందుకే 85 వచ్చాక వేశాను. నాలుగు నిమ్మకాయల రసం కూడా అప్పుడే. నిమ్మరసం రుచికే కాదు, పంచదార తర్వాత పలుకులు కట్టకుండా కూడా కాపాడుతుంది. చిక్కబడే కొద్దీ గుజ్జు పెద్ద బుడగలుగా పేలి చేతిమీద చిందుతుంది. పొడవాటి కాడ గరిటె, మోచేతి దాకా గుడ్డ తప్పనిసరి. గిన్నె బరువు తీసేసి చూస్తే 5 కిలోలు తూగేదాకా ఉంచి దించాను. దగ్గర దగ్గర పాతిక నిమిషాలు పట్టింది. ఇంకా చిక్కబడితే త్వరగా ఎండుతుంది కదా అని ఉంచకూడదు, లేత పసుపు కాస్తా ఇటుక రంగుకి తిరుగుతుంది.

బెల్లంతో చేసేవాళ్ళున్నారు. రుచి బాగుంటుంది, రంగు నలుపు తిరుగుతుంది. అసలు చిక్కు వానాకాలంలో. బెల్లం గాలిలో తేమని లాగుతుంది, జూలైకల్లా ముక్కలు ఒకదానికొకటి అంటుకుపోతాయి. బెల్లమే కావాలంటే కరిగించి, ఇసుక పోయేలా వడగట్టి వాడుకోవాలి.

పళ్ళేలు రెండు, ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల వెడల్పు, 40 పొడవు. ఖాళీ పళ్ళెం బరువు తూచి, అడుగున మార్కరుతో రాసి పెట్టాను. ఇది మరిచిపోతే రెండో రోజు నుంచి లెక్కంతా గాలిలో దీపం. లోపల నెయ్యి చేత్తో పల్చగా రుద్దాను. నూనె రాస్తే మూడు నెలలకి కమురు కంపు వస్తుంది.

పళ్ళేనికి అర కిలో గుజ్జు. ఆ కొలతకి 4 మిల్లీమీటర్ల మందం వస్తుంది. అంతకు మించి పోయకూడదు. మే నెల గాడ్పుకి డాబా మీద గుజ్జు పైభాగం రెండు గంటల్లో తోలు కడుతుంది. తోలు కట్టాక లోపలి నీళ్ళకి బయటికి దారి ఉండదు. పైన చూస్తే అద్దంలా మెరుస్తుంటుంది, పుల్లతో గుచ్చితే లోపల ముద్దలా ఉంటుంది. రెండో ఏడు సెంటీమీటరు మందం పోశాను. మూడో రోజుకి తోలు కింద ఆవగింజంత బుడగలు లేచాయి, మూత తీయగానే కల్లు వాసన. ఇక దానికి మందు లేదు, పారెయ్యడమే.

రోజూ తొమ్మిదింటికి ఎండలో పెట్టి, సాయంత్రం నాలుగున్నరకి లోపలికి తెచ్చాను. ఇంకో గంట ఎండ ఉంది కదా అని ఉంచితే లాభం లేదు. పొద్దు వాలాక గాలిలో తేమ పెరుగుతుంది, తాండ్ర పగలు వదిలిన నీటిలో కొంత మళ్ళీ తాగేస్తుంది. రాత్రి ఫ్యాను గాలిలో, పైన నూలుగుడ్డ కప్పి ఉంచాను. పళ్ళేలు నేల మీద కాకుండా నవారు మంచం మీద పెట్టాను, కింద నుంచి కూడా గాలి ఆడాలి. మంచం కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెడితే చీమలు రావు. గిన్నెలో నీళ్ళు ఎండకి మధ్యాహ్నానికే ఇగిరిపోతాయి, ఒంటిగంటకి ఒకసారి నింపాలి. ఆ ఒక్క పూట మరిస్తే చాలు, చీమల బారు తయారు. దోమతెర కప్పితే సరిపోదు, తెర గుజ్జుకి ఆనకుండా నాలుగు మూలలా కర్రలు కట్టాలి. ఆనిన చోట ఈగలు పైనుంచే వాలతాయి, ఎండాక తెరతో పాటు తాండ్ర కూడా ఊడి వస్తుంది.

మొదటి పొర సాయంత్రానికి 500 నుంచి 210 గ్రాములకి దిగింది. రెండోది పోయడానికి అది చాలు. వేలు ఆనిస్తే అంటకూడదు, అలాగని మరీ బిరుసెక్కకూడదు. బాగా ఎండిన పొర మీద కొత్త గుజ్జు అతుక్కోదు, తినేటప్పుడు పొరలు పుస్తకంలా విడిపోతాయి. మిగిలిన గుజ్జుని మొదటిరోజే కిలో చొప్పున డబ్బాల్లో పోసి ఫ్రిజ్‌లో పెట్టాను, నాలుగో రోజుకీ ఐదో రోజుకీ కావలసినవి ఫ్రీజరులో. పోసే ముందు మళ్ళీ ఒక పొంగు రానిచ్చి, గోరువెచ్చగా అయ్యాక పోశాను. వేడి గుజ్జు సమంగా పరుచుకుంటుంది, చల్లటిది గుట్టలా నిలబడుతుంది.

నాలుగో పొర నాడు మధ్యాహ్నం మబ్బు కమ్మింది. రోహిణి కార్తెలో ఇది మామూలే, ఎండ మండిపోతూనే ఉంటుంది, హఠాత్తుగా గాలివాన. పళ్ళేలు లోపలికి తెచ్చి తూస్తే ఆ రోజు పొర 340 దగ్గరే ఆగి ఉంది. అలా రాత్రంతా వదిలేస్తే పులిసేదే. ఓటీజీలో (చిన్న కరెంటు ఓవెన్) 60 డిగ్రీలు పెట్టి, తలుపు సందులో చెక్క గరిటె ఇరికించి, ఆవిరి పోయేలా మూడు గంటలు ఉంచాను. 230కి దిగింది. 60 దాటితే అంచులు మాడి మధ్యభాగం పచ్చిగానే ఉంటుంది. ఓటీజీ లేకపోతే వానొస్తుందన్న రోజు కొత్త పొర పోయకపోవడమే మంచిది.

ఐదు పొరలయ్యాక ఒక్కో పళ్ళెంలో 1,020 గ్రాములు ఉంది. రావలసింది 825. అట్లకాడతో అంచులు లేపి, తాండ్రని తిరగేసి, శుభ్రమైన నూలుగుడ్డ మీద వేశాను. అడుగు భాగం పళ్ళేనికి అతుక్కుని ఉండటంతో అక్కడ తేమ ఎక్కువ. ఒకటిన్నర రోజు ఎండలో పెట్టాక ఒకటి 830, రెండోది 845 తూగాయి. మొత్తం మందం అర సెంటీమీటరు. వంచితే విరగకుండా వంగింది, మడత దగ్గర తెల్లటి గీత పడలేదు.

వెంటనే సర్దేయకూడదు. రెండు వేళ్ళ వెడల్పు ముక్కలు కోసి, పొడి గాజు సీసాలో వదులుగా వేసి, మూత బిగించి మూడు రోజులు నీడలో ఉంచాను. సీసా గోడ మీద లోపల చెమట పట్టిందా చూడాలి. 845 తూగిన పళ్ళెం ముక్కల సీసాలో సన్నగా మంచు పట్టినట్టు కనబడింది. వాటిని ఇంకో పూట ఎండలో పెట్టాను. అక్కడ బద్ధకించి ఉంటే ఆ సీసా శ్రావణమాసం దాటేది కాదు.

తర్వాత ఒక్కో ముక్కని బటర్ పేపరులో చుట్టి, పావు కిలో పట్టే చిన్న సీసాల్లో సర్దాను. ఒకే పెద్ద డబ్బా పనికిరాదు. వానాకాలంలో మూత తీసిన ప్రతిసారీ తేమ లోపలికి పోతుంది, చిన్న సీసా అయితే ఆ బెడద ఒక వారమే. రెండు సీసాలు బయట చీకటి అలమరలో పెట్టాను, మిగతావి ఫ్రిజ్ కింది అరలో. జనవరిలో పక్కపక్కన పెట్టి చూస్తే రుచిలో తేడా తెలియలేదు కానీ బయటున్నది తేనె రంగుకి తిరిగింది, ఫ్రిజ్‌లోది పసుపుగానే ఉంది.

నిలవున్న ముక్క మీద తెల్లగా కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, ముందు తడివేలితో రుద్ది చూడాలి. కరిగిపోతే పంచదార పలుకులు, హాయిగా తినొచ్చు. కరక్కుండా దూదిలా, పచ్చగానో నల్లగానో మచ్చలుంటే బూజు. ఆ ముక్కలో బాగున్న మేర కోసుకు తినాలని చూడొద్దు, బూజు పోగులు కంటికి కనబడకుండా లోపలికి పాకి ఉంటాయి. ఆ సీసా మొత్తం తీసేయాలి.

చలికాలంలో ఫ్రిజ్ నుంచి తీసిన తాండ్ర బిరుసుగా ఉంటుంది. పేపరు విప్పకుండా అరగంట బయట పెట్టాలి, విప్పి పెడితే పైన నీటిబొట్లు పట్టి జిగురవుతుంది. చాకుని వేడినీళ్ళలో ముంచి తుడిచి కోస్తే పొరలు చెదరవు. కోయగా మిగిలిన అంచు ముక్కలు ఓ గుప్పెడు పోగైతే, రెట్టింపు గోరువెచ్చటి నీళ్ళలో రెండు గంటలు నానబెట్టి మెదపండి, మళ్ళీ గుజ్జు అవుతుంది. నేను దాన్ని మజ్జిగలో కలిపి కొద్దిగా ఉప్పు, జీలకర్ర పొడి వేస్తాను.