ఇళ్ల నుంచి నడిచిన ట్రాన్‌స్క్రిప్ట్ సెక్షన్

2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యే నాటికే మా విశ్వవిద్యాలయంలో ఈ-ఆఫీస్ (ఫైళ్లను కాగితం లేకుండా కంప్యూటరులోనే నడిపే వ్యవస్థ) ఉన్నందువల్ల, పరీక్షల విభాగం సిబ్బంది ఇళ్ల నుంచే నోట్ ఫైళ్లు పంపగలిగారు. అయినా నెల తిరిగేసరికి ట్రాన్‌స్క్రిప్టుల (విద్యార్థి చదువంతటి మార్కుల వివరాలు చూపే ధ్రువపత్రాల) దరఖాస్తులు గుట్టలుగా పేరుకుపోయాయి. ఆ సెక్షన్ బాధ్యత నాదే కాబట్టి, ఉదయం పది గంటలకూ సాయంత్రం ఐదున్నరకూ వాట్సాప్ గ్రూపులో హాజరు వేయమని ఆదేశించాను. హాజరు నూటికి నూరు శాతం పడేది, పెండింగ్ మాత్రం తగ్గలేదు.

కారణం తెలుసుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మా దగ్గర ఒకరు ఫీజు చలానా చూస్తే, మరొకరు టాబ్యులేషన్ రిజిస్టరుతో మార్కులు సరిపోలుస్తారు, ఇంకొకరు ప్రింటు తీస్తారు. ఆఫీసులో పక్క టేబులు వైపు తిరిగి అడిగితే తేలిపోయే సందేహం, ఇళ్లకు చేరాక మూడు రోజుల ఉత్తరప్రత్యుత్తరంగా మారింది; పైగా ఆ కాగితం ఏ విద్యార్థికి, ఎందుకు అవసరమో ఎవరికీ తెలియకుండా పోయింది. అందుకే ఒక్కో దరఖాస్తును మొదటి నుంచి చివరి దాకా ఒక్కరికే అప్పగించి, విద్యార్థికి వెళ్లే జవాబు కింద ఆ ఉద్యోగి పేరే ఉండేలా చేశాను. పాత రిజిస్టర్లు కాగితంపైనే ఉన్నాయి కనుక, వాటిని చూసి చెప్పడానికి వంతుల వారీగా ఒకరు ఆఫీసుకు వచ్చేవారు. అమెరికా వెళ్లే పిల్లలెవరైనా "ఐ-20 వచ్చింది మేడమ్" అని, అంటే వీసాకు కావలసిన పత్రం అక్కడి విశ్వవిద్యాలయం నుంచి అందిందని రాస్తే, సోమవారం మీటింగులో ముందు అదే చదివేదాన్ని. హాజరు పద్ధతిని ఎత్తివేశాను.

రాత్రి పదకొండింటికి ఫైలు పంపినవారిని గ్రూపులో మెచ్చుకునే అలవాటును కూడా మానుకున్నాను. ఇంట్లో ఉన్న ఒక్క ఫోనులో పిల్లల ఆన్‌లైన్ తరగతి ముగిశాకే పని మొదలుపెట్టగలిగినవారికి ఆ మెచ్చుకోలు ఎత్తిపొడుపులా తగిలేదని తరువాత తెలిసింది.

అన్నిటికన్నా నన్ను సిగ్గుపడేలా చేసింది అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్ల సంగతి. వారికి ఈ-ఆఫీస్ లాగిన్ లేదు, మీటింగ్ లింకు కూడా అందేది కాదు. ఎక్సెల్ షీట్లు మాత్రం తప్పకుండా అందేవి. లాగిన్ ఇప్పించడం నా చేతిలో లేకపోయినా, మీటింగుకు పిలవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదన్న ఆలోచన నాకు ఆలస్యంగా వచ్చింది. పిలిచిన రెండో వారమే వారిలో ఒకమ్మాయి, ఒక విద్యార్థి ఇంటిపేరు పాస్‌పోర్టులో పూర్తిగానూ డిగ్రీ మెమోలో పొడి అక్షరంగానూ ఉందని గమనించి, ట్రాన్‌స్క్రిప్టు ప్రింటుకు వెళ్లకముందే మమ్మల్ని ఆపింది.