మెదక్ గుడిలో ఆయన నోట పాట

అందరికీ వందనాలు. క్రిస్మస్‌కి మెదక్ చర్చికి వెళ్లొచ్చాం, మేమంతా గుడి అనే అంటాం. కాళ్ల నొప్పులు ఇంకా తగ్గలేదు గానీ ఇప్పుడు రాయకపోతే మళ్లీ ఇంటి పనుల్లో పడిపోతానని కూర్చున్నా.

మా ఆయనకి పోయినేడు స్ట్రోక్ వచ్చింది. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి, మాట పూర్తిగా పోయింది. దాహమేస్తే మంచినీళ్లు అడగడానికి కూడా మాట రాక వేలు చూపించి, నాకు అర్థం కాక వేరేదేదో ఇస్తే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఐసీయూ బయట ఇనప కుర్చీలో కూర్చున్న రాత్రే మొక్కుకున్నా, ప్రభువా, ఈ మనిషిని లేపి నిలబెట్టు, నడిపించుకుని మెదక్ గుడికి తీసుకొస్తానని. మొక్కులు మనకెందుకు అనేవాళ్లు మన సంఘాల్లోనే ఉన్నారు, అననీండి. ఆ కుర్చీలో కూర్చుంటే తెలుస్తుంది.

తర్వాతి నెలలు ఎలా గడిచాయో దేవుడికే తెలుసు. ఫిజియోథెరపీకి తీసుకెళ్లడం, ఫీజులు, అప్పులు. ఒక దశలో నాకు ప్రార్థన కూడా వచ్చేది కాదు. అప్పుడు మా అయ్యగారు, అంటే మా సంఘం పాస్టర్, ఇంటికొచ్చి బైబిల్లో ఏలీయా ప్రవక్త సంగతి గుర్తుచేశారు. బదరీ వృక్షం కింద కూర్చుని ఇక చాలు ప్రభువా, నా ప్రాణం తీసుకో అన్నాడు కదా ఏలీయా. దేవుడు ఆయన్ని తిట్టలేదు, వాక్యమూ చెప్పలేదు. పడుకోనిచ్చి, దూతతో రొట్టె, నీళ్లు పంపించాడు. మాట్లాడటం ఆ తర్వాతే. "నువ్వు అన్నం తిని ఎన్నాళ్లయిందమ్మా?" అని అడిగారు అయ్యగారు. ఏడుపొచ్చేసింది నాకు.

సరే, ప్రయాణం. మేముండేది బోయినపల్లి. తెల్లవారుజాము ఆరాధన మా వల్ల కాదనుకుని, వెలుతురొచ్చాక బాలానగర్‌లో బస్సెక్కాం. నర్సాపూర్ అడవి దాకా బాగానే ఉంది, ఆయన కిటికీలోంచి కోతుల్ని చూసి నవ్వాడు కూడా. మెదక్ దగ్గరపడ్డాక బస్సు కదిలితే ఒట్టు. చివరికి ఊరి బయటే ఆపేశారు. ఇక నడకే. చేతికర్రతో నడిచే మనిషికి ఆ జనంలో నడకంటే ఏంటో చెప్పలేను. జాతర అనుకోండి, బొమ్మల దుకాణాలు, బూరలు, మైకులు, మధ్యలో కర్ర పట్టుకున్న మనిషి ముందుకొచ్చి నిలబడి సెల్ఫీలు తీసుకునే కుర్రాళ్లు. పండగ పూట తిట్టకూడదని పళ్లు బిగబట్టుకున్నా. గంట గోపురం ఎత్తు 175 అడుగులు, చాలా దూరం నుంచే కనపడుతుంది. అదిగో వచ్చేశాం వచ్చేశాం అంటూ నడిపించా.

ఆవరణలో లైన్‌లో ఉండగా ఆయన చెయ్యి చల్లబడిపోయింది. ఒళ్లంతా చెమట, పెదాలు వణుకుతున్నాయి. షుగర్ డౌన్ అయింది. తెచ్చుకున్న బిస్కెట్లు బస్సు ఆగినచోటే అయిపోయాయి. ముందుకీ పోలేం, వెనక్కీ రాలేం. అప్పుడు పక్కన ఒక ముసలమ్మ, నుదుట రూపాయి బిళ్లంత బొట్టు, కొంగు దోపుకుని జనాన్ని మోచేతుల్తో నెట్టి ఆయన్ని అక్కడే కింద కూర్చోబెట్టింది. సద్దిమూట విప్పి ముందు బెల్లం ముక్క నోట్లో పెట్టింది. తర్వాత జొన్నరొట్టె తుంచి, నేను తినిపిస్తానన్నా ఇవ్వకుండా తనే తినిపించింది. లైన్ పోతుందమ్మా అంటే, "దేవుడు యాడికి పోతడు బిడ్డా, ఇంత తిన్నంక పోయి మొక్కుకోండ్రి" అంది.

కరువులో వాళ్ల తాత ఈ గుడికి రాళ్లు మోశాడట. ఈ గుడి కట్టించిన పాస్నెట్ దొర పని చేయించుకుని తిండి పెట్టాడని తెలుసు, మొదట సికింద్రాబాద్ తిరుమలగిరిలో ఇంగ్లీషు సోల్జర్ల దగ్గర పాదిరిగా ఉండి మెదక్ వచ్చిన మనిషి. గుడి 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ అయిందని కూడా చిన్నప్పుడు సండే స్కూల్లో విన్నదే. కానీ ఆ రాళ్లు మోసిన మనిషి మనవరాలి చేతి రొట్టె మా ఆయన నములుతుంటే, ఆ విన్నదంతా వేరేగా అనిపించింది. ఆమె ప్రతి ఏడూ వస్తుందట, ఇంట్లో మల్లన్న పటమూ ఉందట. పేరు అడిగేలోపే ఆమె మనవడు చెయ్యి పట్టుకుని లాక్కెళ్లిపోయాడు.

లోపల ఉన్నది కాసేపే. వాలంటీర్లు నడవండి నడవండి అని ఒకటే అరుపు. పాపం వాళ్ల తప్పేముంది. రంగు అద్దాల కిటికీలు మీకు తెలిసినవే, ఏసయ్య పుట్టుక, సిలువ, ఆరోహణం. బయట వెలుగుంటేనే కనపడేవి. సిలువ కిటికీ ఎదురుగా ఆయన ఆగిపోయాడు. ఎర్ర అద్దం వెలుగు ఆయన పడిపోయిన చేతి మీద పడింది. అప్పుడే అటువైపు ఎవరో పాట అందుకున్నారు, మా ఇంట్లో వాళ్లమ్మ రోజూ పాడే పాట. ఈయన పాడాడు! ఒక్క మాట కాదు, చరణం మొత్తం, మాట ముద్ద కాకుండా. వెనక నుంచి తోస్తున్నారు, నేను కదల్లేదు. తిట్టుకోనీ అనుకున్నా.

అయ్యగారు ఒకరు తలమీద చెయ్యి పెట్టి ప్రార్థించాక, ఆయన ఆమెన్ కూడా గట్టిగానే అన్నాడు. బయటికొచ్చి నీళ్లు కావాలా అంటే మళ్లీ వేలే చూపించాడు. ఇంటికొచ్చాక ఫోన్ చేస్తే స్పీచ్ థెరపిస్ట్ చెప్పింది, మాట పోయినవాళ్లు చాలామందికి పాట వస్తుందట, పాటకి మెదడులో కుడివైపు కూడా పనిచేస్తుందట, పాటతోనే మాట నేర్పే పద్ధతి కూడా ఉందట. వినగానే అద్భుతం కాదేమో అని మనసు చివుక్కుమంది, అబద్ధమెందుకు. తర్వాత అనిపించింది, ఆ కుడివైపు చేసిందెవరు మరి? ఇప్పుడు రోజూ పొద్దున పాటలోనే పెట్టి నీళ్లు, అన్నం, తలుపు అనిపిస్తున్నా. నీళ్లు వచ్చేసింది.

ఇలాంటి మనిషి మీ ఇంట్లోనూ ఉంటే, డాక్టర్ చెప్పినవి మానకండి, పక్కనే చిన్నప్పటి పాటలు పాడి చూడండి. మీకే ప్రార్థన రాకపోతే కంగారుపడకండి, ఎవరినైనా మీకోసం చేయమనండి, నాకోసం చాలామంది చేశారు. మెదక్ వెళ్లేవాళ్లు మాత్రం, నడవలేనివాళ్లు ఉంటే క్రిస్మస్ రోజు వద్దు, మామూలు రోజు ఎండ ఉండగా వెళ్లండి.

మా వెనక వీధిలో ఒకాయనకి ఈమధ్యే స్ట్రోక్ వచ్చింది. ఆయన భార్య ఎవరితోనూ మాట్లాడటం లేదట. ఆదివారం ఆరాధనయ్యాక అన్నం, కూర వండుకుని ఇద్దరం వెళ్తున్నాం. ప్రార్థన తిన్నాక చేస్తాం.