మూతి వంకర, మనసు తిన్నన

నా ముఖంలో ఎడమ సగం కదలకుండా పోయి, మూతి వంకర తిరిగింది. నుదురు కూడా కదలడం లేదు కాబట్టి ఇది మెదడుకు సంబంధించిన పక్షవాతం అయ్యే అవకాశం తక్కువని, ఒకరకంగా అది మంచి కబురేనని డాక్టరుగారు చెప్పినప్పుడు, నా నుదుటి మీద ముడతలు పడనందుకు నేను సంతోషించవలసి వచ్చింది. మెదడులో దెబ్బ తగిలితే సాధారణంగా నుదుటి కండరాలు పనిచేస్తూనే ఉంటాయి, ఎందుకంటే వాటికి మెదడు రెండు వైపుల నుంచీ ఆజ్ఞలు అందుతాయి. ముఖ కండరాలను కదిలించే ముఖనాడే వాచినప్పుడు మాత్రం ఆ వైపు నుదురు, రెప్ప, పెదవి అన్నీ ఒక్కసారిగా మొరాయిస్తాయి. నాకు వచ్చిన ఈ బెల్స్ పాల్సీలో, చెవి దగ్గర ఎముకలోని ఇరుకైన దారి గుండా వచ్చే ఆ ముఖనాడి (ఏడవ కపాల నాడి) వాచి, ఉబ్బడానికి చోటు లేక అక్కడే నలిగిపోతుందట. స్టెరాయిడ్ మాత్రలు లక్షణాలు కనిపించిన 72 గంటల లోపు మొదలుపెట్టాలని చెప్పి రాసిచ్చారు. మూతపడని కంటికి పగలు చుక్కలు, రాత్రి రెప్ప మీద టేపు.

మాట తూలకూడదు, నలుగురిలో తేలిక కాకూడదు అన్నది అప్పటివరకు నా పద్ధతి. నలుగురి ముందు మాట్లాడటమే నా ఉద్యోగం కూడా. ప, బ, మ పలకాలంటే రెండు పెదవులూ సరిగా కలవాలి కదా, నావి కలవవు. ఎంత గంభీరంగా మొదలుపెట్టినా ప్రతి వాక్యంలోనూ ఎక్కడో ఒకచోట గాలి బుస్సుమనేది. అందుకే ఎదుటివారు అనకముందే నా మూతి మీద నేనే ఛలోక్తులు విసరడం మొదలుపెట్టాను. నలుగురూ నవ్వేవారు, నాకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. అలాంటి ఛలోక్తి డాలు వంటిది. దాని వెనుక నా పెద్దరికం చెక్కుచెదరకుండా కూర్చునే ఉండేది.

అసలు నవ్వు వేరే విధంగా వచ్చింది. బుగ్గలు పూరించడం, కనుబొమలు ఎత్తడం, ఈల వేసినట్టు పెదవులు సున్నా చుట్టడం వంటి వ్యాయామాలు అద్దం ముందు చేయమని ఫిజియోథెరపిస్టు చెప్పారు. నేను వాటిని పరీక్షకు చదువుతున్నంత దీక్షగా చేసేవాణ్ణి. ఒకరోజు ఆ మధ్యలోనే ఫోను మోగింది; పని ఆలస్యం చేసిన ఒక సహోద్యోగి మీద గట్టిగా కేకలు వేస్తూ తల ఎత్తేసరికి ఎదురుగా అద్దంలో నేను కనిపించాను. కుడి సగం కనుబొమ ముడిచి, పళ్లు కొరికి ఊగిపోతోంది. ఎడమ సగం ఈ గొడవతో తనకేమీ సంబంధం లేనట్టు ప్రశాంతంగా ఉంది. అంత కోపంలో నా ముఖంలో సగమైనా నా పక్షం వహించకపోవడం చూసి పకపకా నవ్వేశాను. నవ్వేసరికి మూతి మరింత పక్కకు పోయింది, దాన్ని చూసి ఇంకా నవ్వు వచ్చింది. గదిలోకి వచ్చిన మా చెల్లెలు, “అన్నయ్యా, ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా? ముందు అది చెప్పు” అంది. చెప్పబోతే మాట రాలేదు.

నవ్వు నాడిని బాగుచేస్తుందని నేను అనను. చాలామందిలో కొన్ని వారాల్లో కదలిక మొదలై, నెలల్లో ముఖం కుదుటపడుతుంది; నవ్వినా, ముఖం ముడుచుకున్నా ఆ నాడి తన తీరులోనే తాను కోలుకుంటుంది. ఆ ఎదురుచూపును భరించడం మాత్రం నవ్వు వల్ల నాకు తేలికైంది. పుక్కిలించిన నీళ్లు చొక్కా మీదికి కారితే అవమానంగా తోచడం మానేసింది. చొక్కా మార్చుకునేవాణ్ణి, అంతే.

ఇప్పుడు మూతి దాదాపు సరిగ్గానే ఉంది. అయితే తిరిగి పెరిగిన నాడీ తంతువులు కొన్ని దారి తప్పి వేరే కండరాలకు చేరుకుంటాయి కాబట్టి, పెదవులు బిగించినప్పుడల్లా నా ఎడమ కన్ను కొద్దిగా మూసుకుంటుంది. క్రమశిక్షణ ఎంత అవసరమో సమావేశంలో చెప్పి పెదవులు బిగించాననుకోండి, విన్నవాళ్లకు నేను కన్ను గీటినట్టే కనిపిస్తుంది. వాళ్లు నవ్వు ఆపుకోలేక తలలు దించుకుంటారు, వాళ్లకంటే ముందు నేను నవ్వేస్తాను.