పెద్దకూర స్టేక్, చపాట మిర్చి పాస్తా: అంతా నీళ్ల లెక్కే

ఇంట్లో స్టేక్, అంటే మందంగా కోసి పెనం మీద కాల్చే మాంసం ముక్క, చేసిచూసినవాళ్లు చెప్పే మాట దాదాపు ఒకటే: ముక్క బూడిద రంగుకు తిరిగింది, తోలులా సాగింది. పాస్తా చేసినవాళ్ల మాట ఇంకొకటి: సాస్ ఒక దిక్కు, పాస్తా ఒక దిక్కు పోయింది. ఈ రెండింటికీ మూలం నీళ్లే. మాంసం మీద తడి ఉంటే అది వేగదు, ఉడుకుతుంది. పాస్తా ఉడికిన నీళ్లు పారబోస్తే సాస్ దానికి పట్టదు. మన కూరల అలవాటు సరిగ్గా దీనికి ఎదురు నడుస్తుంది. మాంసం కడిగి, అల్లం ఎల్లిగడ్డ ముద్ద పట్టించి తడితడిగా పెనం మీద వేస్తాం. పాస్తా నీళ్లేమో గంజి వంచినట్టు సింకులో వంచేస్తాం. కింద రాసిన లెక్కంతా నలుగురికి, రెండు బర్నర్ల స్టవ్ మీద.

ముందు మాంసం. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో పెద్దకూర దుకాణంలో దొరికేది బర్రె మాంసం. ఆవును కోయడం ఇక్కడ 1977 నాటి చట్టం కింద నిషేధం. ఇంటర్నెట్‌లో కనిపించే స్టేక్ వంటలు చాలావరకు కండ లోపల కొవ్వు సన్నటి గీతల్లా అల్లుకున్న విదేశీ మాంసం లెక్కతో రాసినవి. బర్రె మాంసం రంగు ముదురు, కొవ్వు తక్కువ, ఉన్న కొవ్వు కూడా తెల్లగా కండ పైనే ఉంటుంది. లోపల కొవ్వు లేదు కాబట్టి రెండు నిమిషాలు ఎక్కువ కాలినా ముక్క ఎండిపోతుంది. అందుకే తొడ, భుజం మాంసం స్టేక్‌కు పనికిరావు. అవి మెల్లగా గంటల తరబడి ఉడికితే రుచి. స్టేక్‌కు అడగాల్సింది అండర్‌కట్. వెన్నెముకకు లోపలి వైపు పొడుగ్గా ఉండే కండ ఇది. పశువు నడిచినా నిలబడినా దీనికి పెద్దగా పని ఉండదు, అందుకే మెత్తగా ఉంటుంది. ఒక పశువుకు రెండే ఉంటాయి కాబట్టి ముందురోజే చెప్పిపెట్టుకోవాలి. దుకాణంలో మాట స్పష్టంగా ఉండాలి: "అన్నా, అండర్‌కట్ కావాలె. ముక్కలు కొట్టకు, అట్లనే నిండుగ ఇయ్యి." ఈ మాట చెప్పకపోతే చేతి అలవాటు కొద్దీ కూర ముక్కలు కొట్టేస్తారు. ఇక చేసేదేమీ ఉండదు.

నలుగురికి శుభ్రం చేశాక 800 గ్రాములు కావాలి. శుభ్రం చేయడంలో పోయేది ఉంటుంది కాబట్టి కిలో తీసుకుంటే మంచిది. కండ మీద మెరిసే తెల్లటి పొర ఒకటి ఉంటుంది. సన్నటి కత్తి మొన దాని కిందికి దూర్చి, అంచును పొర వైపే వంచి, లాగుతూ కోస్తే పట్టీలా వచ్చేస్తుంది. బద్ధకించి వదిలేస్తే రెండు నష్టాలు. ఆ పొర ఎంత వండినా కరగదు, పంటి కింద రబ్బరులా తగులుతుంది. వేడి తగలగానే ముడుచుకుని ముక్కను గిన్నెలా వంచుతుంది, అప్పుడు మధ్యభాగం పెనానికి ఆనదు. పొర తీశాక కండకు అడ్డంగా, రెండు వేళ్ల మందంలో, 200 గ్రాముల ముక్కలు నాలుగు కోయాలి. పలుచగా కోస్తే పైన రంగు వచ్చేలోపు లోపల అతిగా ఉడికిపోతుంది.

పొద్దున కోసిన మాంసం మధ్యాహ్నానికి వండేయడం మన పద్ధతి. కూరకు అది నడుస్తుంది, స్టేక్‌కు నడవదు. కోసిన కొన్ని గంటల్లో కండరాలు బిగుసుకుపోతాయి. ఆ బిగువు సడలడానికి, కండలోని ఎంజైములు దాన్ని మెత్తబరచడానికి సమయం పడుతుంది. తెచ్చిన వెంటనే ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజులు ఉంచండి. డోర్‌లో కాదు, కింది అరలో వెనక వైపు, 4 డిగ్రీలు దాటని చోట. గిన్నెలో మూత పెట్టి ఉంచితే తన నీళ్లలోనే నానుతుంది. కింద పళ్లెం, పైన స్టీలు జాలీ, జాలీ మీద ముక్కలు, మూత వద్దు, పక్కన వండిన పదార్థాలేవీ ఉండొద్దు. ఎండాకాలంలో గంటల కొద్దీ కరెంటు పోయిందంటే రెండో రోజు కోసం ఆగకుండా ఆ పూటే వండేయాలి.

కడగడం గురించి. మాంసం కడిగితే క్రిములు పోవు, సింకు చుట్టూ చిందుతాయి. వాటిని చంపేది వేడి. అయినా కడగకుండా వండడానికి మనసొప్పకపోతే తెచ్చిన వెంటనే ఒక్కసారి కడిగి, బట్టతో గట్టిగా అద్ది, ఫ్రిజ్‌లో పెట్టండి. వండే ముందు మాత్రం వద్దు.

ఉప్పు ఒక్కో ముక్కకు 2 గ్రాములు, అంటే టీస్పూన్‌లో మూడో వంతు. ఇది ఎప్పుడు వేస్తామన్నది ఎంత వేస్తామన్నంత ముఖ్యం. ఉప్పు వేసిన కొద్ది నిమిషాలకు ముక్క మీద చెమట పట్టినట్టు నీళ్లు ఊరుతాయి. ఆ నీళ్లలో ఉప్పు కరిగి, ముప్పావు గంట దాటాక మళ్లీ లోపలికి ఇంకుతుంది. కాబట్టి గంట ముందైనా వేయాలి, లేదా పెనం మీద వేసే క్షణంలోనైనా వేయాలి. మధ్యలో పది ఇరవై నిమిషాలు అనేదే చెడ్డ సమయం, అప్పుడు ముక్క నిండా తడి. అన్నింటికంటే మంచిది ముందురోజు రాత్రే ఉప్పు రాసి ఫ్రిజ్‌లో పెట్టడం. తెల్లారేసరికి పైభాగం చేతికి కాగితంలా పొడిగా తగులుతుంది. మనకు కావాల్సింది అదే.

అల్లం ఎల్లిగడ్డ ముద్ద, పెరుగు, కారం వద్దు. ముద్దలో, పెరుగులో ఉన్న నీళ్లు పెనం వేడిని తినేస్తాయి, ఆ నీళ్లు ఆరేలోపు ఎల్లిగడ్డ మాడి చేదవుతుంది. పచ్చి బొప్పాయి కూడా అండర్‌కట్‌కు అవసరం లేదు. పైపొరను పిండిలా చేస్తుంది, లోపలికి దిగదు.

ఇక పాస్తా సాస్. ఇది ముందే చేసి పక్కన పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. దీనికి మన ఊరి చపాట మిర్చి కంటే మంచి దినుసు ఇంకొకటి లేదని నా గట్టి నమ్మకం. గుండ్రంగా, లావుగా ఉండే ఈ మిర్చిని టమాటా మిర్చి అంటారు. రంగు చాలా, కారం తక్కువ, అందుకే పచ్చళ్లకు పేరు. 2025లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఎనుమాముల మిర్చి మార్కెట్ ఉన్న వరంగల్‌లో ఉండి పాస్తా రంగు కోసం సీసాలో దొరికే తియ్యటి సాస్ కొనడం న్యాయం కాదు.

ఆరు ఎండు చపాట మిర్చి తొడిమలు, గింజలు తీసి, మరిగిన నీళ్లలో అరగంట నానబెట్టి మెత్తగా రుబ్బండి. తొక్క మందంగా ఉంటుంది కాబట్టి పిప్పి తగిలితే జల్లెడ పట్టాలి. అర కిలో బాగా పండిన టమాటాలను తురుముకుంటే తొక్క చేతిలో మిగిలిపోతుంది. నాటు టమాటా అయితే పులుపు ఎక్కువ, అర టీస్పూన్ చక్కెర కావాలి. హైబ్రిడ్‌కు అక్కర్లేదు. అడుగు మందమున్న వెడల్పాటి గిన్నెలో మూడు టేబుల్ స్పూన్ల పల్లినూనె పోసి, సన్నగా తరిగిన ఉల్లిగడ్డ ఒకటి సన్నటి మంట మీద పది నిమిషాలు మగ్గించాలి. ఎరుపెక్కొద్దు, మెత్తబడాలి. ఎల్లిపాయ రెబ్బలు ఆరు దంచి వేసి, అర నిమిషం ఆగి మిర్చి ముద్ద, రెండు నిమిషాలకు టమాటా. నూనె అంచుల్లో తేలేదాకా, పదిహేను ఇరవై నిమిషాలు. ఈ ఒక్క చోట మన కూర చేయి అచ్చంగా పనికొస్తుంది. గరం మసాలా, ధనియాల పొడి జోలికి పోవద్దు. ఉప్పు సగమే వేయండి, మిగతాది పాస్తా నీళ్లతో వస్తుంది.

పాస్తా ప్యాకెట్ కొనేటప్పుడు వెనక వైపు చదవండి. డ్యూరం గోధుమ రవ్వ అని ఉండాలి. మైదా కలిసినవి ఒక్క నిమిషం ఎక్కువైతే ముద్దవుతాయి. పక్కన స్టేక్ ఉంది కాబట్టి మనిషికి 80 గ్రాములు చాలు, మొత్తం 320 గ్రాములు. గొట్టాల్లా ఉండే పెన్నే గానీ, మెలికలు తిరిగిన ఫుసిల్లీ గానీ తీసుకుంటే సాస్ లోపల నిలుస్తుంది. మూడు లీటర్ల నీళ్లు, 30 గ్రాముల ఉప్పు, అంటే రెండు టేబుల్ స్పూన్లకు కాస్త తక్కువ. చూడటానికి ఎక్కువ అనిపిస్తుంది గానీ అందులో చాలా భాగం నీళ్లలోనే ఉండిపోతుంది. నీళ్లలో నూనె వేయొద్దు. పైన తేలే ఆ నూనె వంచేటప్పుడు పాస్తాకు అంటుకుని సాస్‌ను జారగొడుతుంది. అతుక్కోకుండా ఉండాలంటే మొదటి రెండు నిమిషాలు గంటెతో కలిపితే సరి. నూడుల్స్‌లా చల్లనీళ్లతో కడగడం ఇంకా పెద్ద తప్పు. సాస్‌ను పట్టి ఉంచేది ఆ పిండి పదార్థమే.

ఇప్పుడు స్టవ్. ఒక బర్నర్ మీద పాస్తా నీళ్లు, ఇంకో బర్నర్ మీద బీడు (పోత ఇనుము) పెనం. అడుగు మందంగా ఉన్న బీడు దోసె పెనం అయినా సరే. నాన్‌స్టిక్ వద్దు, ఈ వేడికి ఆ పూత పాడవుతుంది. మాంసం అరగంట ముందు బయట పెట్టి, చివరిసారి బట్టతో అద్దండి. పెనం మధ్యస్థమైన మంట మీద ఐదారు నిమిషాలు కాలాలి. ఇక్కడ గానుగ నూనె వాడొద్దు, అది తొందరగా పొగచూరుతుంది. రిఫైన్డ్ పల్లినూనె ఒక టేబుల్ స్పూన్ చాలు. నూనె మీద సన్నగా పొగ లేవగానే, కిటికీ తెరిచి, ముక్కలు రెండే వేయండి. నాలుగూ ఒకేసారి వేస్తే పెనం చల్లబడి నీళ్లు ఊరతాయి. చెవితో కూడా తెలుస్తుంది. చురచురమని గట్టిగా వినిపిస్తే వేగుతోంది. ఆ చప్పుడు మెత్తబడి బుడబుడలోకి దిగితే ఉడుకుతోంది. అప్పుడు ఒక ముక్క తీసేసి మంట పెంచాలి.

ఒక్కసారే తిప్పాలనే నియమం లేదు. నిమిషానికోసారి తిప్పితే రెండు వైపులా సమంగా కాలుతుంది. మొత్తం ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. చివరి రెండు నిమిషాలు మంట తగ్గించి, టేబుల్ స్పూన్ వెన్న, చితక్కొట్టిన ఎల్లిపాయ రెబ్బలు రెండు వేసి, ఆ వెన్నను చెంచాతో ముక్కల మీద పోస్తూ ఉండాలి. మిరియాల పొడి కూడా ఇప్పుడే. ముందే వేస్తే మాడుతుంది.

వేళ్లతో నొక్కి చూసే పద్ధతిని నమ్మలేం. గుచ్చి చూసే థర్మామీటర్ ఒకటి కొనండి. ముక్క పక్క నుంచి మధ్యకు గుచ్చి చూడాలి. 60 డిగ్రీలు రాగానే తీసేస్తే పళ్లెంలో ఉండగానే ఇంకో మూడు డిగ్రీలు పెరుగుతుంది. 63 చేరి మూడు నిమిషాలు గడవడం సురక్షితమైన లెక్క, లోపల లేత గులాబీ రంగు ఉంటుంది. చేరకపోతే మళ్లీ ఒక నిమిషం పెనం మీద పెట్టండి. బయటి దేశాల్లో ఇంకా పచ్చిగా తింటారు గానీ, మన దుకాణాల్లో మాంసం గాలికి వేలాడుతుంది, అంత పచ్చిగా వద్దు. గర్భిణులకు, చిన్నపిల్లలకు 71 డిగ్రీల దాకా కాల్చిపెట్టండి. పెద్దకూర తినని ఇంట్లో ఎముక తీసిన కోడి తొడ ముక్కలను ఇదే పద్ధతిలో, 74 డిగ్రీలకు చేయొచ్చు.

రెండో జత ముక్కలు పెనం మీద పడగానే మరిగే నీళ్లలో పాస్తా వేయండి. ముక్కలు దించి జాలీ మీద ఎనిమిది నిమిషాలు వదిలేయాలి. వెంటనే కోస్తే రసం పళ్లెం పాలవుతుంది. ఈలోపు పెనంలో మిగిలిన నూనె వంచేసి, అడుగున అంటుకున్న గోధుమరంగు చెక్కు మీద ఒక గంటెడు పాస్తా నీళ్లు పోయండి. బుస్సుమని పొంగి, చెక్క గరిటెతో గీకగానే ఆ చెక్కు అంతా కరిగి చిక్కటి రంగు నీళ్లవుతుంది. మాంసం రుచంతా అందులోనే ఉంది, సాస్‌లో కలిపేయండి. చెక్కు నల్లగా మాడి ఉంటే మాత్రం వద్దు, సాస్ చేదవుతుంది. టమాటా సాస్‌ను నేరుగా బీడు పెనంలో వేడిచేయొద్దు, పులుపుకు పెనం నూనె పట్టు పోతుంది, ఇనుము వాసన వస్తుంది.

పెనం దించి ఆ బర్నర్ మీదికి సాస్ గిన్నె ఎక్కించండి. ప్యాకెట్ మీద పది నిమిషాలని ఉంటే ఎనిమిదికే ఒక పాస్తా ముక్క కొరికి చూడండి. మధ్యలో సన్నటి తెల్లచుక్క కనిపించాలి. జాలీ గంటెతో తీసి నేరుగా సాస్‌లో వేసి, ఒక కప్పు పాస్తా నీళ్లు పోసి, పెద్ద మంట మీద రెండు నిమిషాలు గట్టిగా కలపాలి. మొదట పలుచగా, నీళ్లు నీళ్లుగా ఉంటుంది. కంగారుపడొద్దు. చూస్తుండగానే నూనె, నీళ్లు, పిండి ఒకటై మెరిసే చిక్కదనం వస్తుంది. కొంచెం పలుచగా ఉండగానే స్టవ్ ఆపండి, పళ్లెంలోకి వెళ్లేలోపు ఇంకా బిగుస్తుంది. ఆపాక బర్రెపాల మీగడ రెండు చెంచాలు చిలికి కలపండి. మంట మీద ఉండగా కలిపితే టమాటా పులుపుకు విరుగుతుంది. తురిమిన చీజ్ 40 గ్రాములు కూడా ఇప్పుడే. స్టేక్ పళ్లెంలో చేరిన రసం కూడా ఇందులో పోసేయండి. ఉప్పు చూసుకోవడం అన్నిటికంటే చివర.

స్టేక్‌ను కండ నారలకు అడ్డంగా అర అంగుళం ముక్కలుగా కోసి పక్కన పెట్టండి. పాస్తా మిగిలితే తెల్లారి పొడిగా వేడిచేయొద్దు, పావు కప్పు నీళ్లు చల్లి మూతపెట్టి సన్నటి మంట మీద పెడితే సాస్ మళ్లీ విడుతుంది. అందుకే ఆ ఉడికిన నీళ్లు ఒక గ్లాసు ఫ్రిజ్‌లో దాచుకోండి. మిగిలిన స్టేక్‌ను మాత్రం గట్టిపడనీయకుండా సన్నగా తరిగి, పాస్తా బాగా వేడెక్కి పొగలు కక్కుతున్నప్పుడు చివరి రెండు నిమిషాల్లో అందులో కలిపి తినండి.